నీలి తలుపు దాకా

క్రిస్టీనా భయం ఒక్కటే. ఏదో ఒక రోజు తన మూడేళ్ల కూతురు ఎస్తేరు, ఎవరికీ తెలియని చోట, ఒంటరిగా ఏడుస్తూ ఉండిపోతుందని.

అందుకే నక్షా గీసింది.

చదువు ఏడో తరగతితోనే ఆగింది. అయినా సోషల్ మాస్టారు గీయించిన పటాలు చేతికి గుర్తున్నాయి. నారాయణఖేడ్ బస్టాండు దగ్గర మొదలుపెట్టింది. మనూర్ రోడ్డు, పెట్రోలు బంకు, కల్వర్టు, కంది చేను గట్టు, చివర నీలి తలుపు. ఒక్క గది ఇల్లు. నంబరు లేదు, వీధి పేరు లేదు. అలాంటి ఇంటిని నోటితో చెప్పలేం, గీసి చూపించాల్సిందే.

రోజూ మధ్యాహ్నం బస్టాండు పక్క హోటలుకు ముప్పై జొన్నరొట్టెలు ఇచ్చి రావాలి. పోను రాను గంట. అక్కడ బస్సులు, ఆటోలు, నాగల్‌గిద్ద నుంచి దిగిన జనం. ఆ రద్దీలో ఎవరి ఇల్లెక్కడో ఎవరికి తెలుసు? జూన్‌లో ఒకసారి ఆ దారిలోనే పడి ఎస్తేరు నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. ఇంకోసారి అలా కానివ్వనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

గీయడం సులువే. ఆగస్టు వానల్లో దాన్ని కాపాడడమే కష్టం.

మొదటిది జెల్ పెన్నుతో గీసింది. బట్టల షాపు కవర్లో పెట్టి, అంచులు కొవ్వొత్తి మంట మీద అతికించింది. బకెట్‌లో ముంచి చూసింది. ఎక్కడో సన్నని సందు. బంకూ కల్వర్టూ కలిసి ఒకే మరక అయ్యాయి.

రెండోది పెన్సిల్‌తో గీసి, రెండు వైపులా కొవ్వొత్తి రుద్దింది. నీళ్లు జారిపోయాయి. సంబరపడింది. మడత పెట్టగానే మైనం పగిలింది. ఆ పగులు వెంటే తడి లోపలికి పాకింది.

మూడోది జిరాక్స్ షాపు హఫీజ్ లామినేషన్ చేసిచ్చాడు. మర్నాడే తెచ్చి అతని బల్ల మీద పడేసింది.

“గిదేంది భాయ్? ఒక్క పూట నానబెడితే ఉబ్బింది.”

“లామినేషన్ చేసినంక నానబెడతరా ఎవలన్న?”

“వాన నిన్ను అడిగి పడ్తదా?”

హఫీజ్ తిప్పి చూశాడు. దారం కోసం కొట్టిన రంధ్రం కాగితం మీదే పడింది. నీళ్లు అక్కడే దూరాయి.

“కాగితం చిన్నగ కోసుకొచ్చిన” అంది క్రిస్టీనా. “సుట్టూ రెండు వేళ్లంత ఒట్టి ప్లాస్టిక్ ఇడువు. బొక్క గా ప్లాస్టిక్‌లనే కొట్టు. మడత ఇగ పెట్ట.”

“నాకే నేర్పుతున్నవా?” నవ్వాడు. “పిల్ల కోసమేనా?”

“పిల్ల కోసమే.”

“మూడేండ్ల పిల్లకు నక్షా ఎందుకమ్మా? సెల్ నంబరు రాస్తే అయిపాయె.”

“మా ఆయన సెల్లు హైదరాబాద్‌ల మోగుతది. ఇల్లు ఈడ ఉన్నది.”

కాగితం వెనకవైపు ఏదో రాసి ఉంది. హఫీజ్ చదవబోయాడు. ఆమె చప్పున అరచేయి అడ్డం పెట్టింది.

“అది సదవకు భాయ్. నువ్వు సదివే దినం రావద్దు.”

నాలుగోది పొద్దున్నుంచి సాయంత్రం దాకా బకెట్ అడుగున ఉంది. తీసి తుడిస్తే, పెన్సిల్ గీత ఒక్కటి కూడా చెదరలేదు. గులాబీ దారం కట్టింది.

బోరంచ నుంచి వచ్చిన మరిది ప్రేమదాసుకు ఇదేదీ నచ్చలేదు.

“మెడల నక్షా ఏలాడుతుంటే నలుగురు నవ్వరా వదినె?”

“నవ్వనీ. నవ్వాల్నంటే దగ్గరికి రావాలె గద. వచ్చినోళ్లు సదువుతరు.”

“గీ రొట్టెల పని బంద్ చెయ్. అన్న పంపుతుండు గద. ఇంట్ల కూసో.”

“నేను కూసుంటే భయం గూడ నా పక్కన్నే కూసుంటది. నేనైతే పోత.”

“తాళం గూడ ఎయ్యవట, ఉత్త గడియ పెట్టి పోతవట. దొంగలు పడితే?”

“రానీ. తలుపు తీసెటోడు దొంగైనా మంచిదే.”

ఈమెకు మతి పోయిందనుకుంటూ ప్రేమదాసు బస్సెక్కాడు.

నాలుగు రోజులు ఎండ కాసింది. ఐదో రోజు మధ్యాహ్నం కుండపోత. హఫీజ్ బల్ల లోపలికి జరుపుకుంటుంటే బస్టాండు వైపు నుంచి కేకలు వినిపించాయి. ఆటో సంగమేశ్వర్ తడిసి ముద్దై ఉరికొచ్చాడు.

“నీ తాళాలగుత్తి ఇయ్యి భాయ్, జల్దీ! నీళ్లల్ల పడి కొట్టుకుంటున్నది. మెడల గిది ఉండె, ఏం రాసిండ్రో జర సదువు!”

గులాబీ దారం.

హఫీజ్ బల్ల వదిలి ముందుకొచ్చాడు. మూడేళ్ల పిల్ల! తాళాలగుత్తి ఇచ్చేసి, నక్షా మీది బురద చొక్కా చేతితో తుడిచాడు. లోపల చుక్క తడి లేదు. బంకు, కల్వర్టు, గట్టు, నీలి తలుపు, అన్నీ గీసినవి గీసినట్టే ఉన్నాయి. వెనక్కి తిప్పాడు. బడిపిల్ల రాసినట్టు గుండ్రటి అక్షరాలు.

“నాకు మూర్ఛ వచ్చింది, దానంతటదే తగ్గుతుంది, నా చేతిలో తాళాలు పెట్టడం మాని మీలో ఒక్కరు ఈ దారి పట్టుకొని పోయి, నీలి తలుపు గడియ తీసి, నేను నిద్రపుచ్చి వచ్చిన నా బిడ్డ ఎస్తేరు లేచి ఏడుస్తున్నదేమో చూడండి.”