వెనకాల ఆంటీ ఉన్నారుగా

జితేందర్ ఇంకోసారి వెనక్కి తిరిగి చూశాడు. గోధుమ చేల మధ్య స్కేలు పెట్టి గీసినట్టున్న రోడ్డు మీద, అరమైలు దూరంలో, నారింజ రంగు కోటు నింపాదిగా వస్తూనే ఉంది. హమ్మయ్య అనుకుని నీళ్ళ సీసా మూత తీశాడు.

ఆ కోటులో ఉన్నది గిరిజ ఆంటీ. అరవై రెండేళ్ళ మనిషి. విచిటాలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పల్లెటూళ్ళ అంబులెన్సులకు విరాళాలు పోగుచేస్తూ కాన్సస్ రాష్ట్రానికి అడ్డంగా ఐదు రోజులు సాగే ఈ సైకిల్ యాత్రలో ఎనభై మంది ఉంటే, అందులో తెలుగువాళ్ళు వీళ్ళిద్దరే.

యాత్రలో పోటీ లేదు, బహుమతులూ లేవు. పోటీ అంతా జితేందర్ ఇంట్లోనే ఉంది. షామ్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే ఈ మహానుభావుడు, భార్య అంకితతో ఒక్కమాటైనా అనకుండా ఖరీదైన కార్బన్ సైకిల్ కొని గరాజ్‌లో పెట్టాడు. ఆమె అరవలేదు, అలగలేదు. ఒక్క షరతు పెట్టింది.

“ఐదు రోజుల్లో ఏ ఒక్కరోజు లాస్ట్ వచ్చినా సైకిల్ అమ్మేస్తున్నాం జీతూ. ఆ ప్లేస్‌లో నా కుట్టుమిషన్ వస్తుంది. ఓకేనా?”

ఓకే అన్నాడు. ఎనభై మంది ఉండగా ఆఖరివాణ్ణి నేనెందుకవుతానని అతని ధీమా.

ఆ ధీమా మొదటిరోజు మధ్యాహ్నానికే ఎగిరిపోయింది. ఎదురుగాలి గుండెల మీద చెయ్యి వేసి వెనక్కి నెడుతోంది. గాలి గురించి, మిగతా రూల్స్ గురించి నిర్వాహకులు వారం ముందే ఆన్‌లైన్ మీటింగ్ పెట్టి గంటసేపు చెప్పారు. సరిగ్గా ఆ గంటలోనే ఆఫీసు మీటింగ్ కూడా పడితే, మనవాడు దీన్ని మ్యూట్‌లో పెట్టి దానికి తలూపాడు. ఇప్పుడు డెబ్భై ఏళ్ళ తాతలు కూడా చెయ్యి ఊపి, పలకరించి మరీ దాటిపోతున్నారు. అందరూ పోయాక మిగిలింది గిరిజ ఆంటీ ఒక్కరే. ఆవిడ మాత్రం దాటలేదు.

ఇక ఆవిడే అతనికి కొండంత అండ. అతను ఆగితే ఆవిడా ఎక్కడో ఆగేవారు. అతను ఎక్కి తొక్కితే ఆవిడా ఎక్కేవారు. పాపం, ఓపిక లేదు కాబోలు అని జాలిపడ్డాడు. ఆ జాలి ముదిరి రెండో రోజుకి సలహాలైంది. గాలి ఎదురైనప్పుడు గేర్ తగ్గించాలనీ, ఒంటిని ముందుకు వంచాలనీ ఆవిడకు పాఠం చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, అలాగే చేస్తానన్నారు.

మూడో రోజు అతని టైరు పంచరైంది. సైకిల్ పక్కన కూలబడి, నారింజ కోటు దగ్గరవుతుంటే చూస్తూ, కుట్టుమిషన్ చప్పుడు చెవుల్లో వినపడి జితేందర్ చెమటలు కక్కాడు. గిరిజ ఆంటీ వచ్చారు, దిగారు. సంచిలోంచి సామాన్లు తీసి పావుగంటలో పంచర్ వేసి, చేతిలో అరటిపండు పెట్టారు.

“మీరు పోండి ఆంటీ, లేటైతది మీకు,” అన్నాడు మర్యాదకి, లోపల దేవుణ్ణి తలుచుకుంటూ.

“నాకేం తొందర లేదు బాబూ. నువ్వు ఎక్కు, నేనొస్తాగా,” అన్నారావిడ.

ఒంటరిగా ముందుకెళ్ళడానికి ఆవిడకు భయమని తేల్చుకున్నాడు జితేందర్. ఇంట్లో షరతు సంగతి మాత్రం ఆవిడ దగ్గర ఎత్తలేదు. ముందు బిడియం, ఆపైన తెలిస్తే ఆవిడ నొచ్చుకుంటారేమోనని.

రోజూ సాయంత్రం అంకిత వీడియో కాల్‌లో ఒకటే ప్రశ్న వేసేది. రోజూ అతను ఒకటే జవాబు చెప్పేవాడు. నాలుగో రోజు ఆమె ఊరుకోలేదు.

“రోజూ ఆవిడేనా లాస్ట్? పెద్దావిడ కదా జీతూ. ఒక్కరోజు నువ్వు వెనకుండి ఆవిణ్ణి ముందు పంపిస్తే ఏమైంది?”

“పంపిస్తే సైకిల్ పోతది,” అన్నాడు.

“నీ సైకిల్ నువ్వే ఉంచుకో,” అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాట ముల్లులా దిగింది. ఐదో రోజు ఇంకా నాలుగు మైళ్ళుందనగా జితేందర్ రోడ్డు పక్కన ఆగిపోయాడు. కొత్త సైకిల్ హ్యాండిల్‌ని ఒకసారి నిమిరాడు. పోతే పోయింది, ఇంతకాలం నన్ను కాపాడిన మనిషిని ఊరందరి ముందు ఆఖర్న రానివ్వకూడదు అనుకున్నాడు. నారింజ కోటు దగ్గరికి వచ్చేదాకా అక్కడే ఉన్నాడు.

“ఆంటీ, ఇయ్యాల మీరు ముందు పోవాలి. నేను వెనక వస్తా.”

“వద్దు బాబూ. నువ్వే పద.”

అతను బతిమాలాడు, ఒట్టు పెట్టాడు. ఆవిడ కాలు కింద ఆనించి నిలబడ్డారే తప్ప అంగుళం కదల్లేదు. ఎంత మనసండీ ఈవిడది అనుకుని, తడికళ్ళతో పెడల్ తొక్కాడు జితేందర్.

ముగింపు తోరణం దగ్గర, అతన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన అంకిత నిలబడి ఉంది. అతను దాటాడు, రెండు నిమిషాలకు గిరిజ ఆంటీ దాటారు. జరిగిందంతా అతను ఒక్క గుక్కలో చెప్పేశాడు, తన త్యాగానికి కాస్త రంగులద్ది మరీ. అంకిత మనసు కరిగింది. సైకిల్ గరాజ్‌లోనే ఉంటుందని, కుట్టుమిషన్ బేస్‌మెంట్‌లో పెట్టుకుంటానని మాటిచ్చింది. పులిహోర డబ్బా పట్టుకుని ముందుగా గిరిజ ఆంటీ దగ్గరికే వెళ్ళింది.

“ఐదు రోజులూ మీరే లాస్ట్ వచ్చారంట ఆంటీ. మా ఆయన ముందు వెళ్ళమన్నా వెళ్ళలేదంట. ఎందుకండీ?”

గిరిజ ఆంటీ డబ్బా అందుకుని నవ్వారు.

“ఆఖరి రైడర్ వెనకాలే రావడం నా డ్యూటీ కదమ్మా.”