మొదటి పేజీ

“చేతికందని గరిటె ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే!” అని భోజనాల దగ్గర విసుక్కున్నారు అత్తగారు. గరిటె గిన్నె వెనకే ఉంది.

“మన కర్టెన్ల కొట్టు వెబ్‌సైటూ అంతే అత్తయ్యా,” అంది పెద్దకోడలు, గరిటె అందిస్తూ. మూడేళ్లు కూర్చుని ఆమే దాన్ని తయారుచేసింది. నెట్‌లో కర్టెన్లని వెతికితే మొదటి పేజీలో కనబడేది. ఇప్పుడు ఐదో పేజీకి జారింది.

“నీ రాతలు పాతబడ్డాయేమో వదినా,” అని నవ్వాడు మరిది.

“రాతలు అవే. వాటి పైన నీ ఉపన్యాసం వీడియో పెట్టించావు. అప్పట్నుంచి పేజీ తెరుచుకోడానికి పావు నిమిషం పడుతోంది. వచ్చినవాళ్లు ఆగలేక పక్క కొట్టుకి పోతున్నారు. అలా పోతున్నారని నెట్‌కి తెలిసిపోతుంది, మనల్ని వెనక్కి నెట్టేస్తుంది. మామయ్యగారూ, కావాలంటే మీరే తెరిచి చూడండి.”

మామగారు ఎడమచేత్తో ఫోన్ తీశారు. తెల్లటి తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఆయన విసుగొచ్చి ఫోన్ బోర్లించారు.

ఆమె ముఖం వెలిగింది. పక్కనే ఉన్న భర్త మాత్రం కంచంలోంచి తలెత్తలేదు.

“నువ్వన్నది నిజమేనమ్మా,” అన్నారు మామగారు. “కానీ వీడియో తీసేస్తే చిన్నాడు అలుగుతాడు. వాడు అలిగితే మీ అత్తయ్య అన్నం మానేస్తుంది. నువ్వంటే సర్దుకుపోతావు. రేపట్నుంచి వెబ్‌సైటు వాడే చూసుకుంటాడు. పాస్‌వర్డు కాగితం మీద రాసిచ్చెయ్.”

మరిది కంచం ముందుకు జరిపాడు.

“వదినా, గరిటె.”