జేబులో ఫ్యూజు

ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో, ఎలక్ట్రీషియన్ క్లాసు మొదటిరోజే సారు బోర్డు మీంచి ఫ్యూజు పీకి నా జేబులో వేశారు. ఇంట్లో ఆయన నాకు బాబాయి. ఒకప్పుడు నాన్నతో కలిసి కరెంటు స్తంభాలు ఎక్కిన మనిషి.

"పని అయ్యేదాకా అది నీ దగ్గరే ఉండాలి. మీ అమ్మ అడిగినా ఇవ్వకు."

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"దాంతో అయిపోలేదు. కింద మనిషిని కాపలా పెట్టు. ఖాళీ చూసి ఇంకోటి పెట్టేసే తొందరగాళ్లుంటారు."

నాన్న ఫ్యూజు తీయకుండానే స్తంభం ఎక్కి, కరెంటు కొట్టి చనిపోయాడని మాకు చెప్పింది ఆ రోజు తనతో పనికి వెళ్లిన బాబాయే. "పెళ్లాంబిడ్డలు గుర్తురాలేదా ఆ మనిషికి" అని అమ్మ ఇప్పటికీ పళ్లు కొరుకుతుంది.

సాయంత్రం అమ్మ మిషను కుడుతోంది. గుడ్డ ఎగరకుండా తను ఎప్పుడూ పెట్టుకునే తెల్ల పింగాణీ ముక్కని చేతిలోకి తీసుకున్నాను. పొద్దున నా జేబులో పడిన ఫ్యూజు లాంటిదే.

"అమ్మా, ఇదెక్కడిది?"

"మీ నాన్న పోయిన రోజు చొక్కా జేబులో ఉంది. ఏం?"

"నాన్న ఫ్యూజు తీశాడమ్మా. ఇదే అది."

మిషను ఆగింది. అమ్మ దాన్ని చెంపకి ఆనించుకుంది.

"మరి అక్కడ ఇంకోటి ఎవరు పెట్టారే?"

గుమ్మం దగ్గర చెప్పులు విప్పిన చప్పుడు.

"వదినా," అన్నాడు బాబాయి, "పిల్ల మొదటిరోజు ఏం నేర్చుకుందట?"