అతుకు ఆరేదాకా

"గంటలో కావాలి," అన్నాడు ఎర్రచొక్కా, సైకిల్ని షాపులోకి తోసి. "ఈ హ్యాండిల్ చివరలు కోసేసి, పైకి లేచిన కొమ్ముల్లాంటివి పెట్టండి. చూసినవాడు ఇది పాత సైకిలని అనుకోకూడదు."

షాపు నడిపే ఆవిడ సైకిల్ని ముందునుంచి వెనక్కి ఓసారి చూసింది. హ్యాండిల్ మీద వేలితో టంగుమనిపించింది.

"అల్యూమినియం. వెల్డింగ్ పెడితే ఆ వేడికి మెత్తబడుతుంది. జిగురుతో అతకాలి. రేపు రండి."

"జిగురేంటండీ? ఇదేమన్నా పుస్తకం అట్టా?"

"పద్ధతిగా అతికితే, గొట్టం వంగాలిగానీ అతుకు ఊడదు."

అని రంపం అందుకుంది. చివరలు కోసింది. పాత గొట్టంలోకి సగం, కొత్త కొమ్ములోకి సగం దూరేలా లోపలి ముక్కలు తయారుచేసింది. అతుక్కోవలసిన చోటల్లా గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచింది. ఎర్రచొక్కా ఊరుకోలేక ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"ముట్టుకోకండి! వేలి జిడ్డు చాలు, కొంప ముంచడానికి."

దాన్ని మళ్లీ తుడిచింది. రెండు ట్యూబుల జిగురూ కలిపి పూసి, ముక్కలు తిప్పుతూ లోపలికి దించి, కదలకుండా కట్టింది.

"అయిపోయిందిగా! తీసుకెళ్తాను," అని అతను సీటు మీద చెయ్యేశాడు.

"మీ ఇష్టం. పచ్చి అతుకు మీద బరువేస్తే, ఏ లారీ ముందో కొమ్ము ఊడి చేతికొస్తుంది. తర్వాత నన్ను అనకండి."

సీటు మీది చెయ్యి దానంతటదే జారిపోయింది.

మర్నాడు అతను వచ్చేసరికి ఆవిడ కట్లు విప్పేసి ఉంచింది. అతని కళ్లముందే కొమ్ముకి పొడుగాటి ఇనపగొట్టం తొడిగి, ఒంటి బరువంతా వేసి వేలాడింది. కిర్రుమని కూడా అనలేదు. అతనూ వేలాడి చూశాడు. మొహం చేటంత అయింది.

"భలే చేశారండీ! అయినా అడుగుతున్నా, మీ పిల్లల్నైతే దీనిమీద ఎక్కిస్తారా?"

"ఎక్కించడానికేగా ఇంత ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసింది!" ఆవిడ స్టూలు లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "మీరు దీన్ని ఎత్తుకెళ్లిన దగ్గర్నుంచీ మా అమ్మాయి కాలేజీకి నడిచే పోతోంది. అదుగో, కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని వస్తోంది."