ఉప్పు చాయ్

మణి మా ఇద్దరి ముందు చాయ్ పెట్టి, బిస్కెట్ల కోసం లోపలికి పోయింది. చరిత ఫోన్ చూసుకుంటుంటే ఆమె కప్పులో రెండు చెంచాల ఉప్పు కలిపేశాను.

మణి నా బిడ్డ. కోదాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. అదే కాలేజీలో చదివి ఉద్యోగాల్లో చేరినవాళ్లను ఇప్పటి పిల్లలకు మెంటర్లుగా పెట్టారట. మణికి సూర్యాపేట చరిత దొరికింది. అప్పటి నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా చరితక్క గిట్లన్నది, చరితక్క గట్లన్నది.

“మెంటర్ అంటే ఏంది బిడ్డా, మెంటలా?” అని అడిగితే నవ్వనైనా నవ్వలేదు.

“ఊకో నాయినా!” అంది.

ఈ ఆదివారం ఆ అక్కను ఏకంగా మిర్యాలగూడకు, మా ఇంటికే తీసుకొచ్చింది.

చరిత చాయ్ మొత్తం తాగేసింది. ముఖం కూడా చిట్లించలేదు.

“ఎట్లుంది మేడం?” అన్నాను.

“మీ మణి ఇయ్యాల జర ఎక్కువేసింది అంకుల్!” అని పకపకా నవ్వింది. “కలిసినప్పుడల్లా నాకు ఉప్పు చాయే ఇస్తది. ఎవరు నేర్పిండ్రే అంటే, మా నాయిన అన్నది. బాగా నచ్చినోళ్లకే ఇస్తదంట కదా?”

ఔను, నేనే నేర్పాను. చిన్నప్పుడు మణి నాకు ఉప్పు చాయ్ ఇచ్చి, తలుపు చాటున నిలబడి నోరు మూసుకుని నవ్వేది. కాలేజీలో చేరాక మానేసింది.

నా కప్పు ఇంకా ముట్టుకోలేదు. అదీ మణి పెట్టిందే. ఆశగా ఒక గుక్క తాగాను.

తియ్యగా ఉంది.