అరువు మొక్కు

"హెల్మెట్ తియ్యన్నా. ఆఫీసులో నిన్నెవురు గుద్దుతారు?" కంప్యూటర్ ముందు కూర్చున్న జెస్సీ అడిగింది.

సుకుమార్ తియ్యలేదు. తీస్తే కొంప మునుగుతుంది. నిన్న ఆదివారం కొండకు పోయి గుండు చేయించుకొని వచ్చాడు. అది ఎందుకు చేయించుకున్నాడో మేనేజరు దామోదరం సారుకు తెలిసిందంటే ఇక అంతే. సారు ఈ రోజే చిత్తూరు వదిలి కృష్ణగిరి ఫ్యాక్టరీకి బదిలీ మీద పోతున్నాడు. పోయే ముందు సాయంత్రం కూర్చొని అందరి పనితీరు మీదా రిపోర్టు రాస్తాడు. ఎవరి జీతం పెరగాలన్నా ఆ రిపోర్టే దిక్కు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజనంటే ఆషామాషీ కాదు. గేటు బయట తోతాపురి కాయల లారీలు బారులు తీరి ఉంటాయి. లోపల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. వాటన్నిటికీ మించి దామోదరం సారు. సరిగ్గా అన్నం ముద్ద నోటి దగ్గరికి వచ్చే వేళకు ఫోన్ చేసేవాడు. పెద్దాఫీసు వాళ్లు పంపిన 'ఒత్తిడి తగ్గించుకునే మార్గాలు' అనే పటం ఆయన గది తలుపు మీదే అంటించి ఉంది. గట్టిగా గాలి పీల్చండి, నలుగురితో కలిసి నవ్వండి అని రంగురంగుల అక్షరాలు. ఆ తలుపు ముందు నిలబడితే పీల్చిన గాలి బయటికి వచ్చేది కాదు. పాపం సుకుమార్‌కు తోచిన మార్గం ఒకటే. 'స్వామీ, ఈ మనిషిని ఇంకో చోటికి పంపించెయ్యి, తలనీలాలు ఇచ్చుకుంటా' అని మొక్కుకున్నాడు. పోయిన వారం బదిలీ ఆర్డరు వచ్చింది.

"చెమట కారతా ఉండాది, తియ్యన్నా," అంటూ జెస్సీ తనే హెల్మెట్ లాగేసింది. గుండు బయటపడింది. జెస్సీ నవ్వలేదు. "నువ్వు గూడానా?" అంది.

"గూడా అంటే?"

జెస్సీ వెనక్కి చూపించింది. లారీల తూకం చూసే మునిశేఖర్ తలకు తువ్వాలు చుట్టుకొని ఉన్నాడు. పక్కన పెద్ద గుమాస్తా వరదయ్య, అంత ఉక్కపోతలోనూ మంకీ టోపీ. ఇద్దరూ బిక్కమొహాలతో తీశారు. రెండు గుండ్లు!

"నీదేం మొక్కు వరదయ్యన్నా?" అని అడిగాడు సుకుమార్.

"మోకాళ్ల నొప్పి తగ్గాలని."

"నీదో, మునిశేఖరా?"

"మా ఆవు ఈనాలని."

"మీ ఇంట్లో ఆవు యాడుండాదప్పా?"

మునిశేఖర్ తల దించుకున్నాడు. ముగ్గురికీ విషయం అర్థమైంది. ముగ్గురిదీ ఒకటే మొక్కు.

"నాకు గుండు లేదు గానీ, నేను గూడా మూడు శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థన చేసినా," అంది జెస్సీ మెల్లగా.

"ఒక గుండైతే సరిపుచ్చుకోవచ్చు. మూడు గుండ్లను యాడ దాచేది? రిపోర్టులో మన కత ముగిసిపోయినట్టే," అని సుకుమార్ నెత్తిన చేయి పెట్టుకున్నాడు. నెత్తి నున్నగా తగిలింది.

అంతలో దామోదరం సారు టోపీ పెట్టుకొని లోపలికి వచ్చాడు. వాకిట్లోనే ఆగిపోయాడు.

"ఏమప్పా, ఇది ఆఫీసా, కల్యాణకట్టా?"

"మోకాళ్లు సార్," అన్నాడు వరదయ్య.

"ఆవు సార్," అన్నాడు మునిశేఖర్.

సారు సుకుమార్ వైపు తిరిగాడు. సుకుమార్ చేతులు కట్టుకున్నాడు. అబద్ధం చెబుదామంటే నిన్ననే స్వామి ముందు నిలబడి వచ్చాడాయె. ఏమైతే అదైందని కళ్లు మూసుకున్నాడు.

"మీరు ఈడ నుంచి పోవాలని మొక్కుకున్నాం సార్. అందరం."

సారు మెల్లగా తన టోపీ తీశాడు. ఆయనదీ గుండే!

"నాదీ అదే మొక్కప్పా. ఈడ నుంచి నన్ను తప్పించు స్వామీ అని. నేనేమన్నా పనిలేక మీకు ఫోన్ చేస్తానా? నేను ముద్ద ఎత్తే టయానికి పెద్దాఫీసోళ్లు నాకు చేస్తారు. ఆ గుబులు ఎవురికి చెప్పుకోవాలో తెలీక మీ మీద పడతాను."

ముందు జెస్సీ కిసుక్కుమంది. తర్వాత ఎవరూ ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. టీ, మసాలా వడలు తెప్పించుకున్నారు. సారు మామిడికాయల క్రేటు బోర్లించుకొని వాళ్ల మధ్యనే కూర్చున్నాడు. "సార్, గంధం ఈ పక్క అంటలేదే," అని వరదయ్య ఆయన గుండు తడిమి చూస్తే, సారు బుద్ధిగా తల వంచాడు. ఇన్నాళ్లూ భయపడింది ఈ మనిషికేనా అని సుకుమార్‌కు ఒకటే ఆశ్చర్యం. గుండెల మీది బరువు దిగిపోయినట్టుంది. అయ్యో, ఈయననా పొమ్మన్నది అని బాధ కూడా వేసింది.

టీ గ్లాసులు ఖాళీ అయ్యేసరికి సారు ఫోన్ మోగింది. "సరే సార్... సరే సార్," అని పెట్టేశాడు.

"పెద్దాఫీసు. నా బదిలీ రద్దు చేసినారంట. ఈడే ఉండాలంట."

"అందరి జుట్టూ పాయె, సారు మాత్రం పోకపాయె," అన్నాడు మునిశేఖర్ గుండు రుద్దుకుంటూ.

సుకుమార్‌కు సంతోషమే వేసింది. అయినా పైకి చూస్తూ, "ఇదేం న్యాయం స్వామీ? తలనీలాలు తీసుకొని మాట తప్పితే ఎట్లా?" అన్నాడు.

"స్వామిని అనబాకప్పా," అన్నాడు దామోదరం సారు, సిగ్గుతో నేల చూపులు చూస్తూ. "ఇందాక టీ తాగతా తాగతా నేనే మళ్లీ మొక్కుకున్నా, నన్ను ఈడే ఉంచు స్వామీ, జుట్టు మొలిచినాక ఇచ్చుకుంటానని."