పదింటికే ఎందుకు?

ట్రాలీ సర్రున జారింది.

మూడు ట్రేలు ధడేల్‌మన్నాయి. అరవై బ్రెడ్లు నేలపాలయ్యాయి. వాటి వెనకే వదిన కూడా కూలబడింది.

ఆ బ్రెడ్డు ఫ్యాక్టరీలో ట్రాలీ తోసే ఆవిణ్ణి అందరూ వదినా అనే పిలుస్తారు. ఇంటి దగ్గర ఎంతమందో గానీ, ఇక్కడ మాత్రం ఆమెకు నలభైమంది మరుదులూ ఆడపడుచులూ ఉన్నారు.

"మళ్ళీనా!" సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "ఈ నెలలో ఇది మూడోసారి. కళ్ళెక్కడ పెట్టుకుని తోస్తున్నావు వదినా?"

"చూసుకునే తోస్తున్నానయ్యా."

"చూసుకుంటే ఎందుకు జారుతుంది? పోయినసారి పొయ్యి దగ్గర పనిచేసే ఆయన కాలివేలు విరిగింది. నీ బదులు వేరే మనిషిని పెట్టుకుంటామని మేనేజరు గారు అప్పుడే చెప్పేశారు. నేను ఏదో సర్దిచెబుదామనుకుంటే నువ్వు మళ్ళీ పడ్డావు!"

వదిన మోకాలు పట్టుకుని కూర్చుంది. దెబ్బ కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఆరేళ్ళుగా ఆ ట్రాలీయే ఆమె ఇంటికి ఆధారం.

"పోయిన రెండుసార్లూ ఎన్నింటికి జారిందమ్మా?"

అడిగింది గుమ్మం పక్కన బల్ల మీద కూర్చున్న మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. మేనేజరు కోసం పొద్దున్నుంచీ ఎదురుచూస్తున్నాడు.

"ఇప్పట్లాగే పదింటికేనండీ," అంది వదిన. "ఏడింటి ట్రాలీ ఎప్పుడూ జారలేదు."

సూపర్‌వైజరుకు విషయం అర్థమైపోయింది. వదిన తాలూకు మనిషన్నమాట. అన్నయ్యే అయ్యుంటాడు. మేనేజరు గారి కాళ్ళావేళ్ళా పడడానికి వచ్చుంటాడు.

"మీరు కూర్చోండి. మా మేనేజరు బతిమాలితే కరిగే రకం కాదు," అన్నాడు.

ఆ మనిషి కూర్చోలేదు. వదినకు చెయ్యందించి లేపాడు. తర్వాత వంగి గచ్చు మీద వేలు రాసి చూశాడు.

"తడిగా ఉందేం?"

"ఇప్పుడే తుడిచాను బాబూ," అంది ఊడ్చే ఆమె. "తొమ్మిదిన్నరకి పిండి బస్తాలు మోసుకొస్తారు. దారి పొడుగునా పిండే. తుడవద్దూ?"

"పిండి ఎందుకు పడుతోంది?"

"బస్తాలు చిరిగి."

"ఎందుకు చిరుగుతున్నాయి?"

సూపర్‌వైజరుకు చిర్రెత్తుకొచ్చింది.

"చిన్నపిల్లాడిలా ఎందుకూ ఎందుకూ అంటారేమిటండీ! బస్తా అన్నాక చిరుగుతుంది."

"పోయిన నెల కూడా చిరిగాయా?"

పోయిన నెల చిరగలేదు. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

ఆ మనిషి గోదాము గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. ద్వారబంధం మీద చెయ్యి పెట్టి, పైనుంచి మెల్లగా కిందికి జరిపాడు. భుజం ఎత్తున చెయ్యి ఆగింది.

అక్కడొక మేకు రెండంగుళాలు పొడుచుకొచ్చి ఉంది. దాన్నిండా గోనె పోగులు.

"ఇదెందుకుంది?"

సూపర్‌వైజరు మెడ గోక్కున్నాడు.

"దానికో బోర్డుండేదండీ. వచ్చేపోయేవాళ్ళకి కనబడట్లేదని పోయిన నెలాఖరున మేనేజరు గారి గది ముందుకి మార్చాం."

"ఏం బోర్డు?"

"'జాగ్రత్తగా పనిచేయండి' అని."

ముందు వదినకు నవ్వాగలేదు. ఊడ్చే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆఖరికి సూపర్‌వైజరు కూడా నవ్వేసి, తనే వెళ్ళి పటకారు తెచ్చి మేకు పీకాడు.

"మేకు పీకితే సరిపోదండీ," అన్నాడు ఆ మనిషి. "రేపు ఇంకో కారణంతో పిండి పడొచ్చు. ముందు పొడిగా ఊడ్పించి, ట్రాలీ వెళ్ళాక తడిగుడ్డ పెట్టించండి. మేనేజరు గారికి ఉన్నదున్నట్టు చెప్పండి."

"ఇంతసేపు కూర్చున్నారుగా, ఆయన వచ్చాక మీరే చెప్పండి."

ఆ మనిషి వదిన వైపు చూశాడు. ఆమె కూనిరాగం తీస్తూ బ్రెడ్లు ఏరుకుంటోంది.

"ఇక నాకు ఆయనతో పనిలేదులెండి," అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మేనేజరు వచ్చాడు. గోదాము గుమ్మానికున్న చిల్లు చూశాడు. తన గది ముందున్న బోర్డూ చూశాడు. సిగ్గుపడ్డాడు. సిగ్గుపడడం తెలిసిన మనిషే, పాపం.

"వదినే ఉంటుంది," అన్నాడు. "వేరే మనిషి అక్కర్లేదు."

నెల గడిచింది. ట్రాలీ ఒక్కసారి కూడా జారలేదు. విరిగిన కాలివేలు అతుక్కుంది. ఇప్పుడక్కడ గ్లాసు పగిలినా ఎవరూ ఎవరినీ తిట్టరు. నలుగురూ చుట్టూ చేరి 'ఎందుకు?' అని మొదలుపెడతారు.

ఒకరోజు సూపర్‌వైజరు హుషారుగా వచ్చాడు.

"వదినా, మీ అన్నయ్యని ఒకసారి రమ్మను. ఇలా ప్రమాదాలు కనిపెట్టే మనిషి మనకి కావాలిట. మేనేజరు గారు మంచి జీతమిస్తానంటున్నారు."

"ఏ అన్నయ్య? నాకు అన్నదమ్ములే లేరు. ఆయన మీ ఆఫీసు మనిషి కాదూ?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. గబగబా గేటు దగ్గరికి నడిచారు.

"ఆయనా?" గేటు దగ్గరి తాత గుర్తు చేసుకున్నాడు. "ఊరూ పేరూ తెలియదు. వెళ్ళేటప్పుడు పనైందా అనడిగితే, 'ఇక్కడ ఖాళీ లేదులే తాతా' అని నవ్వుకుంటూ పోయాడు."

"ఏం ఖాళీ?"

"అదేనయ్యా, వదిన బదులు ట్రాలీ తోయడానికి మనిషి కావాలన్నారుగా, ఆ ఖాళీ."